అడ్డనార వారంటీ

కొండ ఎక్కాలంటే ముందు బూట్లు ఉండాలి. కాళ్ల సంగతి తర్వాత. ఈ శాస్త్రం తెలియకే పాడేరు ఏజెన్సీ జనం ఇన్ని తరాలుగా హవాయి చెప్పులతోనో, అవీ లేకుండానో అర్మ కొండ ఎక్కి దిగేస్తున్నారు. అది 1,680 మీటర్ల ఎత్తని పాపం వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

ఆ లోటు తీర్చడానికి మొన్న డిసెంబరులో విశాఖ నుంచి ఆరుగురం తరలివెళ్లాం. నాయకుడు మా ఆఫీసువాడే. 12 వేల బూట్లు, వీపున గొట్టంతో నీళ్లు పీల్చే సంచీ, చేతుల్లో రెండు కర్రలు. దారి చూపే పెద్దాయనకు యాభై దాటి ఉంటాయి. భుజాన ఆనపకాయ బుర్రలో అంబలి. ఎనిమిదొందలు అడిగాడు. బూట్ల కొట్లో నోరెత్తని మా నాయకుడు ఇక్కడ పావుగంట బేరమాడి అయిదొందలకు దించాడు. దించడంలో ఉన్న ఓపిక ఎక్కడంలో లేదు. అర కిలోమీటరుకే సంచీ పెద్దాయన వీపెక్కింది, ఇంకాస్త పైన కర్రలూ ఆయన చేతికే చేరాయి.

సగం దారిలో బూటు నోరు తెరిచింది. రెండేళ్లు అలమారాలో ముద్దుగా దాచుకున్న బూటు, సోల్ ఊడి వేలాడుతోంది. నాయకుడు బండ మీద కూలబడి కస్టమర్ కేర్‌కు ఫోన్ కలిపాడు. సిగ్నల్ ఒక గీత. "తెలుగు కోసం రెండు నొక్కండి" అంది ఫోను. నొక్కాడు. గీత పోయింది. బండెక్కి, ఒంటికాలి మీద నిలబడి, వారంటీ కోసం తపస్సు చేస్తూ మళ్లీ నొక్కాడు. ఈలోగా పెద్దాయన అడ్డతీగ నుంచి నార చీల్చుకొచ్చి, ఆ కాలు తన మోకాలి మీద పెట్టుకుని, రెండు చుట్లు చుట్టి ముడేశాడు.

"పదండి బాబూ, ఊడదు."

ఊడలేదు. శిఖరం మీద నాయకుడు ఆయనతో అన్న మొదటి మాట: "పెద్దాయనా, ఫొటోలోంచి కొంచెం జరుగు."

అంత గట్టి ముడి ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. "డోలీ కడతాం కదా" అన్నాడు. వాళ్ల గూడేనికి రోడ్డు లేదు. వానల్లో నొప్పులు పడుతున్న కోడల్ని వాగు దాటించి, ఎనిమిది కిలోమీటర్లు మోసుకెళ్లారట. 2022లో ఈ జిల్లాకు అల్లూరి పేరు పెట్టి దండలు వేసుకున్నాం. నిండు చూలాలు దుప్పటిలో వేలాడుతూ పోయే దారికి మనం అడ్వెంచర్ అని పేరు పెట్టి, రీల్స్ చేసుకుంటున్నాం. సిగ్గుందా మనకి?

దిగేసరికి అరగంట ఆలస్యమైంది. అందుకుగాను నాయకుడు వంద కోసి, నాలుగొందలు పెద్దాయన చేతిలో పెట్టాడు. మిగతా అయిదుగురం నోరు మెదపలేదు. నార మాత్రం నాయకుడు విప్పలేదు, ఆ బూటుతోనే కారెక్కాడు.