మ్యాపులో మసులిపటం, నోట్లో బందరు

పాత ఇంగ్లీషు మ్యాపుల్లో మన ఏలూరు ‘ఎల్లోర్’ (Ellore). ఆ స్పెల్లింగుకి ముందు ఒక్క అక్షరం చేరిస్తే నెల్లూరు, ఇంకో అక్షరం చేరిస్తే తమిళనాడులోని వేలూరు, చివరి అక్షరం మారిస్తే ఏకంగా ఎల్లోరా గుహలు. కాగితం మడత దగ్గర మొదటి అక్షరం చెరిగిపోయిందనుకోండి, మనిషైతే చుట్టుపక్కల ఊళ్లు చూసి పోల్చుకుంటాడు, ఏఐ మాత్రం ఏ టెన్షనూ లేకుండా నెల్లూరుని ఎల్లోర్ అని రాసేసుకోగలదు.

అలాగని పాత మ్యాపుల మీది పేర్లు ఏఐతో చదివించే పనిని తీసిపారేయలేం. పుస్తకంలో అక్షరాలు వరసగా ఉంటాయి. మ్యాపులో అయితే నది పేరు నదితోపాటే వంకర తిరుగుతుంది, జిల్లా పేరులో అక్షరానికీ అక్షరానికీ జానెడు దూరం, మధ్యలో కొండల గీతలు. మ్యాప్‌కురేటర్ లాంటి సాఫ్ట్‌వేర్ రాత ఉన్న చోటు పట్టుకుని, చదివి, విడిపోయిన ముక్కలు కలిపి, అక్షాంశ రేఖాంశాలతో ముడిపెడుతుంది. అమెరికాలోని డేవిడ్ రమ్సీ సేకరణలోని వేల మ్యాపుల్లో ఇప్పుడు పేరు కొట్టి వెతకొచ్చు. బ్రిటన్ పాత మ్యాపుల మీది సుమారు 25 లక్షల పేర్లు, రాతలు ఎక్కించడానికి వలంటీర్లు కూర్చుని టైపు చేయాల్సొచ్చింది మరి.

నా పేచీ ఆ తర్వాత జరిగేదానితో. యంత్రం ఎంత బాగా చదివినా, చదివేది దొర చెవిన పడ్డ పేరునే. కొండపల్లి ‘కొండపిల్లి’ అయింది (నవ్వకండి, ఒక సర్కారు, అంటే అప్పటి జిల్లా లాంటిది, దాని పేరే అలా నడిచింది). ఆ స్పెల్లింగుల్లో ద, డ ఒకటే, ల, ళ ఒకటే, దీర్ఘం సంగతి దేవుడికెరుక. దాన్ని నేరుగా తెలుగులోకి దించి ‘చారిత్రక నామం’ అని వెబ్‌సైట్లో పెడితే, రేపు ఊరి పేరు మీద తగాదా వచ్చినప్పుడు అదే సాక్ష్యం అవుతుంది.

మనకి ఆ ఇబ్బంది అక్కర్లేదు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ సర్వేతో ఆగలేదు, కావలి సోదరుల్లాంటి తెలుగువాళ్ల సాయంతో ఊరూరి కైఫియత్తులు (ఊరి చరిత్ర, వివరాలు రాసిన పత్రాలు) కూడా సేకరించాడు. గుంటూరు ప్రాంతపు కైఫియత్తులు అచ్చయ్యాయి కూడా. ఊరి పేరు తెలుగు అక్షరాల్లోనే ఉంటుంది, చాలాచోట్ల ఆ పేరెలా వచ్చిందో కథతో సహా. మ్యాపు నుంచి ఏఐ తీసిన పేరు ఒక గడిలో అలాగే ఉంచి, పక్క గడిలో కైఫియత్తు పేరు, ఆ పక్కన ఇప్పుడు ఊళ్లోవాళ్లు అనే పేరు పెట్టాలి. పెదకాకాని, చినకాకాని లాంటి జంటల్లో ఏది ఏదో తేల్చేది స్పెల్లింగు కాదు, పక్క ఊళ్లే.

మూడో గడి ఎందుకంటే, ఆ మ్యాపుల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది మసులిపటం. ఇప్పటి బోర్డుల మీద మచిలీపట్నం. విజయవాడలో ఎంజీ రోడ్డుకి జనం నోట్లో ఉన్న పేరు ఇప్పటికీ బందరు రోడ్డే.