ఒకటో తారీఖు దాకా పన్ను నొప్పి రాకూడదు

వర్క్ వీసా మీద పరాయి దేశం వెళ్లినవాళ్లు హెల్త్ ఇన్సూరెన్స్‌ని తిట్టడం ఈమధ్య మరీ ఎక్కువైంది. ఇది అన్యాయం. దాదాపు ఏడాదిగా, ముఖ్యంగా ఒక దవడ పన్ను సహకారంతో, ఈ విషయాన్ని దగ్గరుండి పరిశీలించాను. తప్పు కంపెనీలది కాదు, ప్రభుత్వాలది కాదు, హెచ్‌ఆర్ వాళ్లది అసలే కాదు. తప్పంతా ఒంటిది. ఏ జబ్బు ఎప్పుడు రావచ్చో, వస్తే ఎవరికి చూపించుకోవాలో పాలసీ పుస్తకంలో పూసగుచ్చినట్టు రాసి ఉంటుంది. మన కాలేయం అందులో ఒక్క పేజీ అయినా చదివిన పాపాన పోలేదు.

నేను అమెరికాలో ఉద్యోగంలో చేరింది జూన్ నాలుగో తారీఖున. కవరేజీ వచ్చే నెల ఒకటి నుంచి మొదలవుతుందని హెచ్‌ఆర్ ఆవిడ చిరునవ్వుతో చెప్పింది. అక్కడి చట్టం కొత్త ఉద్యోగిని 90 రోజుల దాకా ఆపి ఉంచడానికి ఒప్పుకుంటుంది. మావాళ్లు ఇరవై ఏడు రోజులతో సరిపెట్టారు. ఆ ఉదారతకి లేచి నిలబడాల్సిందే కానీ, లేవబోయి ఎక్కడ కాలు మెలిక పడుతుందోనని కూర్చునే నమస్కారం పెట్టాను.

ఆ ఇరవై ఏడు రోజులూ నేను బతికిన తీరు చూస్తే యోగులు సిగ్గుపడతారు. మెట్ల మీద రెయిలింగ్ వదల్లేదు. తుమ్మినవాడి పక్కన నిలబడలేదు. ఇంత క్రమశిక్షణగా ఉంటే, ఐదో రోజు రాత్రి పైవరసలో కుడి వైపు పన్ను సలపడం మొదలుపెట్టింది. క్యాలెండర్ చూసుకోమని దానికి నచ్చజెప్పాను. వినలేదు. ఆ పన్ను సంగతి మళ్లీ వస్తాను.

ఇది ఒక్క అమెరికా గొడవే అనుకునేరు. తారీఖు చూసి జబ్బు పడమనడం ప్రపంచమంతా ఉన్న మంచి సంప్రదాయం. కెనడాలో బ్రిటిష్ కొలంబియా లెక్క చూడండి. వచ్చి స్థిరపడిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన రెండు నెలలు ఆగితే గానీ ప్రభుత్వ కవరేజీ మొదలుకాదు. అంటే నెల ఆఖరి రోజున దిగినవాడు రెండు నెలలు ఆరోగ్యంగా ఉంటే చాలు. ఒకటో తారీఖున దిగినవాడు మూడు నెలలు ఉండాలి. విమానం టికెట్ కొనేటప్పుడు జనం చార్జీలూ లగేజీ బరువూ చూస్తారు కానీ, తమ అపెండిక్స్ ఏ తారీఖున ల్యాండ్ అవుతోందో చూసుకోరు. అదే దేశంలో ఒంటారియో ఇలాంటి మూడు నెలల నిరీక్షణని 2020 మార్చిలో ఎత్తేసింది. కోవిడ్ వస్తే తప్ప తొందర రాలేదు.

ఆస్ట్రేలియా 482 వీసా వాళ్లు అక్కడున్నంత కాలం తగిన ఇన్సూరెన్స్ పెట్టుకోవడం వీసా షరతుల్లోనే ఉంది. అలా కొనే పాలసీల్లో చాలావాటికి కాన్పు ఖర్చులు రావాలంటే 12 నెలల వెయిటింగ్ పీరియడ్. ప్రకృతి ఈ పనికి తొమ్మిది నెలలే పెట్టింది. ఈ మూడు నెలల తేడా మీద ప్రకృతితో ఎవరూ చర్చలు జరిపినట్టు లేదు. కాబట్టి కొత్త దంపతులకి ఒకటే సలహా: ముందు పాలసీ, మూడు నెలలు పైబడ్డాక మిగతా విషయాలు.

నెదర్లాండ్స్ పద్ధతి నాకు తాత్వికంగా నచ్చింది. వచ్చిన నాలుగు నెలల్లోగా బేసిక్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. నాలుగో నెల ఆఖర్లో తీసుకున్నా ప్రీమియం మాత్రం మొదటి రోజు నుంచీ లెక్కగట్టి వసూలు చేస్తారు, కవరేజీ కూడా అప్పటినుంచే ఇస్తారు. గడిచిపోయిన కాలానికి, రాకుండా పోయిన జబ్బుకి డబ్బు కడతాం. ఇక ముందు వచ్చే జబ్బుల్లో, 2025 లెక్కన, ఏడాదికి మొదటి 385 యూరోలు ఎలాగూ మన జేబులోవే. ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్తే మాత్రం ఇది వర్తించదు. ఆ ఒక్క మినహాయింపుతో కొంచెం నిరాశపడ్డాను.

జర్మనీలో 1883 నుంచి, బిస్మార్క్ కాలం నుంచి, ఈ వ్యవహారం నడుస్తోంది గనక అంతా పకడ్బందీగా ఉంటుంది. ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉద్యోగం మొదలైన రోజున మొదలవుతుంది. వీసా వాళ్లకేమో దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచే కాగితం కావాలి. విమానాశ్రయానికీ ఆఫీసు గుమ్మానికీ మధ్య ఉన్న ఆ కాసిని రోజులకి వేరే ట్రావెల్ పాలసీ కొనాలి. చవగ్గా దొరికింది కదాని దాన్నే లాగిద్దామనుకునేవాళ్లు ఉంటారు, అది చెల్లదని తెలిశాక రెసిడెన్స్ పర్మిట్ కౌంటర్ దగ్గర వాళ్ల మొహాలు చూసి తీరాలి. జీతం బాగా ఉంటే, 2025 లెక్కన ఏడాదికి 73,800 యూరోలు దాటితే, ప్రైవేటుకి మారే హక్కు కూడా ఉంది. పాతికేళ్ల ఒంటరివాడికి అది చవగ్గా కనిపిస్తుంది. కానీ ఆ ఒళ్లు ఊరుకుంటుందా? పెళ్లి చేసుకుంటుంది, పిల్లల్ని కంటుంది. ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లో అయితే సంపాదన లేని భార్యాపిల్లలు అదే చందా కింద వస్తారు. ప్రైవేటులో తలకో ప్రీమియం. పోనీ వెనక్కి వద్దామంటే 55 దాటాక ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే. మిగతా దేశాల్లో ఒంటి నేరం జబ్బు పడటం. ఇక్కడ వయసు రావడమే నేరం.

ఈ తారీఖుల తలనొప్పి ఎందుకని బ్రిటన్ వీసా దరఖాస్తుతోనే డబ్బు గుంజేస్తుంది. ఇమ్మిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జి అని పేరు. 2015లో ఏడాదికి 200 పౌండ్లతో మొదలై, 2024 ఫిబ్రవరికి పెద్దలకి 1,035, పిల్లలకి 776 అయింది. ఎన్నేళ్ల వీసా అయితే అన్నేళ్లదీ ముందే కట్టాలి. భార్యా భర్తా ఇద్దరు పిల్లలు ఐదేళ్లకి వెళ్తే 18,110 పౌండ్లు, ఇంకా పెట్టె కూడా సర్దకముందే. వెళ్లాక జీతంలోంచి పన్నూ, నేషనల్ ఇన్సూరెన్సూ షరామామూలే. ఇంత పన్ను కట్టినవాడు పన్ను పీకించుకోవాలంటే మాత్రం ఇంగ్లండ్‌లో దానికి వేరే చార్జీ. తెలుగులో ఈ రెంటికీ ఒకటే మాట పెట్టినవాళ్లు ఎంత దూరం ఆలోచించారో చూడండి.

మళ్లీ అమెరికాకి వద్దాం. ఒంటికి అసలైన శిక్షణ దొరికేది అక్కడే.

మొదటి పాఠం, జబ్బు పడితే జనవరిలోనే పడాలి. డిడక్టిబుల్ అని ఒకటుంటుంది. ఏడాదిలో అంత మొత్తం మన జేబులోంచి ఖర్చయ్యాక గానీ చాలా ఖర్చుల్లో ఇన్సూరెన్స్ వేలు పెట్టదు. అది జనవరి ఒకటిన మళ్లీ సున్నాకి వస్తుంది. మావాడొకడు డిసెంబరు ఇరవై తొమ్మిదిన చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. సర్జరీకి ఒక ఏడాది డిడక్టిబుల్, ఆ తర్వాతి ఫిజియోథెరపీకి ఇంకో ఏడాది డిడక్టిబుల్. మూడు రోజులు ఓపిక పట్టి పడి ఉంటే ఒక్కదాంతో పోయేది. బుద్ధిమంతులు సంక్రాంతి లోపే పెద్ద జబ్బు ఒకటి చూసుకుని, అవుట్ ఆఫ్ పాకెట్ గరిష్ఠ పరిమితి, అంటే ఏడాదిలో మన జేబుకి పడే చిల్లు ఇంతకి మించకూడదన్న గీత, దాటేసి, మిగతా ఏడాదంతా హాయిగా రోగాలతో గడుపుతారు. 2025లో ఆ పరిమితి చట్టం ప్రకారం ఒక మనిషికి 9,200 డాలర్ల దాకా ఉండనిచ్చారు. అదీ నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే మన ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న, డాక్టర్ల దగ్గరికి వెళ్తేనే.

రెండో పాఠం, డాక్టర్ దగ్గర జబ్బు మాట ఎత్తకూడదు. ఏడాదికోసారి చేసే చెకప్ ఉచితమే, 2010 నాటి చట్టం పుణ్యమా అని. నేనూ వెళ్లాను. డాక్టర్ బీపీ చూశాడు, గుండె విన్నాడు, లేస్తూ లేస్తూ ‘ఇంకేమైనా ఇబ్బంది ఉందా?’ అన్నాడు. ఆ ప్రశ్నకి సరైన జవాబు ‘లేదు’ అని నాకు తర్వాత తెలిసింది. ‘మోకాలు కొంచెం పట్టేస్తోంది’ అన్నాను. ఆయన దాన్ని రెండుసార్లు వంచి, వాకింగ్ చేయమన్నాడు. అంతే, ఉచిత చెకప్ పక్కన మోకాలు పేరు మీద వేరే విజిట్ పుట్టింది.

కొన్నాళ్లకి ఇన్సూరెన్స్ వాళ్ల కవరు వచ్చింది. పైన పెద్దక్షరాలతో ‘ఇది బిల్లు కాదు’ అని ఉంది. కింద ఒక పట్టిక. క్లినిక్ అడిగింది 412.00. ఒప్పందం ప్రకారం తగ్గించింది 226.00. ప్లాన్ కట్టింది 0.00. మీ బాధ్యత 186.00. ఆ సున్నా తర్వాత ఇంకో రెండు సున్నాలు పెట్టిన నిజాయితీకి ముచ్చటేసింది. కట్టనిది పైసలతో సహా చూపించారు. బిల్లు కాదన్నారు కదాని దాన్ని ఫ్రిజ్‌కి మాగ్నెట్‌తో తగిలించాను. రెండు వారాలకి ఇంకో కవరు వచ్చింది. అది బిల్లో కాదో దాని మీద ఏమీ రాయలేదు. అదే బిల్లు.

మూడోది ప్రమాదాల గురించి. ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఉన్నా మత్తు ఇచ్చిన డాక్టర్ నెట్‌వర్క్‌లో లేడని వేలకి వేలు బిల్లు పంపే ఆచారం ఒకప్పుడు ఉండేది. 2022 జనవరి నుంచి ఒక కేంద్ర చట్టం దాన్ని చాలావరకు ఆపింది. ఆ చట్టంలో ఎయిర్ అంబులెన్స్‌కి రక్షణ ఉంది. రోడ్డు మీద వచ్చే అంబులెన్స్‌కి లేదు. అందుకని నా సలహా, పడేవాళ్లు ఇంటి మెట్ల మీంచి కాకుండా, హెలికాప్టర్ తప్ప ఇంకేదీ రాలేని కొండ చూసుకుని పడితే మంచిది.

ఇక ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ ఆ రోజుతోనో, ఆ నెలాఖరుతోనో పోతుంది. అప్పుడు ఒక పాత చట్టం ఆదుకుంటుంది. 1986లో అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన ఆ చట్టానికి పొట్టి పేరు కోబ్రా. పేరు పెట్టినవాళ్లు ఏదీ దాచుకోలేదు. పాత ప్లాన్‌నే మామూలుగా 18 నెలల దాకా ఉంచుకోవచ్చు, కాకపోతే కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, దాని మీద ఇంకో 2 శాతం. అన్నాళ్లూ జీతం స్లిప్‌లో మనం చూసింది తోక మాత్రమేనని అప్పుడు అర్థమవుతుంది. తీసుకోవాలో వద్దో తేల్చుకోవడానికి కనీసం 60 రోజులు ఇస్తారు. హెచ్-1బీ వాళ్లకి కొత్త ఉద్యోగం వెతుక్కునే గడువూ గరిష్ఠంగా 60 రోజులే. ఈ జోడీ చాలా ముచ్చటైనది. పైగా కోబ్రాకి ఆఖరి రోజున సరే అన్నా, వెనక ప్రీమియం కట్టేస్తే మొదటి రోజు నుంచీ ఉన్నట్టే లెక్క. అంటే ఒకపక్క ఇంటర్వ్యూలకి తిరుగుతూ, ఇంకోపక్క యాభై తొమ్మిదో రోజు దాకా ఒంటినే కనిపెట్టి ఉండాలి. ఏ రోగమూ రాకపోతే డబ్బు మిగిలింది. వస్తే చెక్కు రాయాలి. రోగం అరవై ఒకటో రోజున వస్తే, చెప్పానుగా, అది ఒంటి తప్పు.

ఇప్పుడు నా పన్ను.

జులై ఒకటి ఉదయం అద్దం ముందు నిలబడి, నెలంతా బిగబట్టిన ఆ పన్నుని అభినందించి, డెంటిస్ట్‌కి ఫోన్ చేశాను. రిసెప్షన్‌లో అమ్మాయి నా కార్డు నంబరు కొట్టి, మెడికల్ ఉంది గానీ డెంటల్ లేదంది. మెడికల్ ఇన్సూరెన్స్ దృష్టిలో మనిషంటే కళ్లూ పళ్లూ లేని శాల్తీ. వాటికి వేరే పాలసీలు, వేరే కార్డులు. పోర్టల్‌లో డెంటల్ పక్కన ఒక బాక్స్ ఉందట. నోరు ఒంట్లో భాగమేననే మూఢనమ్మకంతో నేను దాన్ని టిక్ చేయలేదు. చేరిన 30 రోజుల్లోగా టిక్ పెట్టాలి, ఆ గడువు ఉండగా ఎవరైనా చెప్తే కదా. ఈ ఫోన్ నుంచి తేరుకుని పోర్టల్ తెరిచేసరికి అది కాస్తా దాటిపోయింది. నవంబరులో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ఏడాదికోసారి పాలసీలు ఎంచుకోనిచ్చే గడువు, వచ్చాక టిక్ చేశాను. జనవరిలో కార్డు వచ్చింది.

మెడికల్ పాలసీలో మనం కట్టేదానికి పరిమితి ఉంటుంది. డెంటల్‌లో వాళ్లు కట్టేదానికి పరిమితి. నా దాంట్లో ఏడాదికి 1,500 డాలర్లు. డెంటిస్ట్ ఎక్స్‌రే తీసి, రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలన్నాడు. రూట్ కెనాల్‌కి ఇప్పుడే ఇస్తారు, క్యాప్‌కి మాత్రం 12 నెలల వెయిటింగ్ పీరియడ్. రూట్ కెనాల్ చేయించుకున్నాను. పైన తాత్కాలికంగా ఏదో పూసి పంపించాడు. వచ్చే జనవరి దాకా ఆగుతుందా అని అడిగితే, అటు వైపు నమలొద్దన్నాడు.

ప్రస్తుతం ఎడమ వైపే నములుతున్నాను. నిన్నటి నుంచి అటు వైపు ఒకటి చల్లనీళ్లకి జివ్వుమంటోంది. 1,500లో ఎంత మిగిలిందో దానికి ఇంకా చెప్పలేదు.