ముందే తవ్వాల్సిన బావి

ప్రాణాలా, ఆర్థిక వ్యవస్థా? కొవిడ్ విరుచుకుపడిన 2020లో ప్రపంచమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. లాక్‌డౌన్ పెడితే బతుకుతెరువు పోతుందని ఒకరు, ఎత్తేస్తే మనుషులే పోతారని మరొకరు టీవీల్లో గంటల తరబడి వాదులాడుకున్నారు. పత్రికలమైన మేమూ ఆ గోలకు మా వంతు పేజీలిచ్చాం. అసలు ప్రశ్నే తప్పన్న ఆర్థికవేత్తల మాట ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

అప్పట్లో షికాగో విశ్వవిద్యాలయంలో ఉన్న ఆర్థికవేత్తలు ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సివర్సన్ అమెరికాలో 22 లక్షలకు పైగా వ్యాపారాలకు జనం రాకపోకలను ఫోన్ రికార్డులతో లెక్కగట్టారు. పక్కపక్కనే ఉన్నా ఆంక్షలు వేరుగా ఉన్న ప్రాంతాలను పోల్చి చూశారు. కొనేవాళ్ల రాక 60 శాతం పాయింట్లు పడిపోతే, అందులో ప్రభుత్వ ఆదేశాల వాటా 7 పాయింట్లు మాత్రమే. మిగతా దానికి ప్రధాన కారణం భయం. షట్టర్లు దించింది సర్కారు కన్నా ముందు జనమే. అలాంటప్పుడు ఆదేశాలు ఎత్తేసినంత మాత్రాన గిరాకీ ఎలా వస్తుంది?

బ్రిటన్ ఆ భయాన్ని రాయితీతో పోగొట్టాలని చూసింది. 2020 ఆగస్టులో సోమ, మంగళ, బుధవారాల్లో రెస్టారెంట్లలో తిన్నవారి బిల్లులో సగం, మనిషికి 10 పౌండ్ల దాకా, ప్రభుత్వమే కట్టింది. టేబుళ్లు నిండాయి. కానీ ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో వైరస్‌కు తెలిసినంతగా ఖజానాకు తెలియదు కదా! నవంబరు 5న ఇంగ్లండ్ మళ్లీ లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. దానికి ఈ పథకమొక్కటే కారణం అనలేం. అయినా భయానికి మందు డిస్కౌంటు కాదని, ఇన్ఫెక్షన్ తగ్గించడమేనని తెలిసొచ్చింది.

ఆ పని ఎక్కడ మొదలవుతుంది? పొద్దున్నే ఒళ్లు కాస్త వెచ్చగా ఉన్న రోజుకూలీ దగ్గర. పనికి వెళ్తే కూలి తనకు వస్తుంది, జబ్బు పక్కవాళ్లకు అంటుతుంది. ఇంట్లో ఉంటే ఊరికి మేలు, నష్టం మాత్రం తన ఒక్కడిదే. టెస్టులో పాజిటివ్ వస్తే కూలి పోతుందని తెలిసినవాడు టెస్టుకే వెళ్లడు. వాడిని బాధ్యత లేనివాడని తిట్టడం తేలిక. జ్వరం ఉన్నన్నాళ్లూ కూలి డబ్బు చేతికిచ్చి ఇంట్లో ఉండమనడం విధానం.

డబ్బు ఇవ్వడమే చాలదు, చేరాల్సిన చోటికి చేరాలి. ఉద్యోగాలు కాపాడాలని అమెరికా చిన్న వ్యాపారాలకు దాదాపు 80,000 కోట్ల డాలర్లు పంచింది. ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్ బృందం లెక్క ప్రకారం, ఆ డబ్బు లేకపోతే ఉద్యోగం పోయేదన్న కార్మికులకు నేరుగా అందింది అందులో 23 నుంచి 34 శాతమే. హడావుడిలో జల్లెడతో నీళ్లు మోసినట్టయింది. జర్మనీలో పనిగంటలు తగ్గిన ఉద్యోగికి పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం చెల్లించే పద్ధతి ముందే ఉంది. 2009 మాంద్యంలో ఒకసారి గట్టిగా వాడి చూసింది కూడా. అందుకే 2020లో కొత్తగా దరఖాస్తు ఫారాలు అచ్చువేసుకోవాల్సిన అవసరం పెద్దగా రాలేదు.

టీకాలదీ ఇదే కథ. కనిపెడితే ఫలానా ధరకు కొంటామని ముందే మాటిస్తే కంపెనీలు ధైర్యంగా పెట్టుబడి పెడతాయని మైఖేల్ క్రెమర్ లాంటి ఆర్థికవేత్తలు ఏనాడో చెప్పారు. న్యుమోనియా లాంటి జబ్బులను ఆపే న్యుమోకాకల్ టీకా కోసం దాతలు 2009లో 150 కోట్ల డాలర్లతో ఆ మాట ఇచ్చారు కూడా. కొవిడ్‌లో కొన్ని ప్రభుత్వాలు ప్రయోగ ఫలితాలు రాకముందే ఉత్పత్తికి డబ్బు పెట్టాయి. టీకా విఫలమైతే ఆ సొమ్ము వృథా. కానీ 2020లో ప్రపంచ ఉత్పత్తి దాదాపు 3 శాతం కుంగింది. ఆ నష్టంతో పోలిస్తే వృథా అయ్యే ఫ్యాక్టరీ ఖర్చు చిల్లర కిందే లెక్క. ఆలస్యమైన ప్రతి నెలా దానికన్నా ఖరీదైంది. ఇక మూతపడిన బడుల్లో పిల్లలు పోగొట్టుకున్న చదువు ఆ 3 శాతంలో లేనే లేదు.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వబోయిన అనుభవం అందరికీ ఉంది. చిక్కేమిటంటే, ముందే తవ్విన బావి మంటలు లేనన్నాళ్లూ దండగలాగే కనిపిస్తుంది. ఖాళీగా ఉన్న టీకా ఉత్పత్తి కేంద్రం మీద ఆడిట్ అభ్యంతరం వస్తుంది, వాడని టెస్టు కిట్లను ప్రతిపక్షం కుంభకోణం అంటుంది. ఆ తలనొప్పి భరించి, వాడకుండా ఉంచే సామర్థ్యానికీ, జబ్బు రోజుల కూలికీ బడ్జెట్‌లో విడివిడిగా పద్దులు పెట్టాలి. కేసుల హడావుడి లేని ఈ రోజుల్లోనే పెట్టాలి.