1947 టైటిల్ లివర్‌పూల్‌కు అదృష్టం కొద్దీ దక్కిందా?
స్టోక్ సిటీ జట్టు చివరి మ్యాచ్‌లో ఓడబట్టే 1946-47 ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ టైటిల్ లివర్‌పూల్ ఖాతాలో పడిందని, అదంతా అదృష్టమేనని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. జూన్ 14న షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో స్టోక్ 2-1తో ఓడిన మాట నిజమే, గెలిచి ఉంటే పాయింట్లు సమానమై, గోల్ సగటు (కొట్టిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగిస్తే వచ్చేది) మీద టైటిల్ వాళ్లదే. కానీ మే 31న వుల్వ్స్ (వుల్వర్‌హాంప్టన్ జట్టు) సొంత మైదానంలో, గెలిస్తే వుల్వ్స్ ఛాంపియన్లు అయ్యే మ్యాచ్‌లో, లివర్‌పూల్ ఆటగాళ్లు బామర్, స్టబ్బిన్స్ చెరో గోల్ కొట్టి తమ జట్టును 2-1తో గెలిపించారే, దాన్ని ఏమనాలి? ఆ ఏడు మంచు దెబ్బకు మ్యాచ్‌లు వాయిదా పడి సీజన్ జూన్ దాకా సాగింది. ఆ కష్టం అన్ని జట్లదీ. స్టోక్ మీద నాకూ జాలే. అయితే టైటిల్ చేతికందే వేళ తమ స్టార్ ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్‌ను బ్లాక్‌పూల్ జట్టుకు అమ్ముకున్నది వాళ్లే కదా! ఆ ఒక్క ముక్క వ్యాసంలో లేకపోవడం నాకు చాలా బాధనిపించింది.