ప్లాంటు మూశాక బురద ఎవరిది?

విశాఖ పోర్టులో దిగిన కాస్టిక్ సోడా ఒడిశాలోని దామన్‌జోడికి వెళ్తుంది. అక్కడ కేంద్ర ప్రభుత్వ సంస్థ నాల్కో రిఫైనరీలో బాక్సైట్ ఖనిజాన్ని దానితో ఉడికించి, అల్యూమినియానికి ముడిసరుకైన అల్యూమినా తీస్తారు. అందులో ఎగుమతి చేసేది మళ్లీ మన పోర్టుకే వస్తుంది. రానిదల్లా రెడ్ మడ్. టన్ను అల్యూమినాకు టన్ను నుంచి టన్నున్నర దాకా మిగిలే ఈ క్షార బురదను అక్కడే చెరువుల్లో నిల్వ చేస్తారు. మన మాకవరపాలెంలోనూ ఇలాంటి రిఫైనరీయే కట్టారు. మన్యంలో తవ్వకాలను గిరిజనులు అడ్డుకోవడంతో బాక్సైట్ అందక ఆగిపోయింది, లేకుంటే ఆ చెరువులు మన జిల్లాల్లోనే ఉండేవి.

ఇలాంటి ప్లాంటు కట్టాలంటే కాలుష్య నియంత్రణ మండలి నుంచి సీఎఫ్ఈ (స్థాపనకు సమ్మతి), నడపాలంటే సీఎఫ్ఓ (నిర్వహణకు సమ్మతి) కావాలి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ కింద తీసుకోవాల్సిన పర్యావరణ అనుమతి వేరే ఫైలు. 2020 మే 7న విశాఖలో స్టైరిన్ అనే విషవాయువు లీకైన ఎల్జీ పాలిమర్స్ ఖనిజాల ఫ్యాక్టరీ కాదు. కానీ మండలి అనుమతులున్నా ఆ సంస్థకు పర్యావరణ అనుమతి లేదన్న సంగతి జనానికి తెలిసింది ప్రాణాలు పోయాకే. లీకుకు కారణం అది కాకపోవచ్చు. అయినా ఒక ఫైలు ఇంకో ఫైలును అడగలేదన్నది నిజం.

అనుమతులు ఎన్ని రోజుల్లో ఇచ్చామో ప్రభుత్వాలు గొప్పగా చెప్పుకుంటాయి. నాకు పట్టింపు ఆ వేగంతో కాదు, ఆఖరి రోజుతో. విశాఖలోని మింది దగ్గర 1977లో మొదలైన జింక్ స్మెల్టర్‌లో (ఖనిజం నుంచి జింక్ తీసే ప్లాంటు) ఉత్పత్తి ఆగి పదేళ్లు దాటింది. సీఎఫ్ఓ నడపడానికిచ్చే కాగితం. నడపడమే మానేశాక దాన్ని రెన్యువల్ చేయమని వచ్చేదెవరు, షరతులు గుర్తుచేసేదెవరు? ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ఉన్నాయి, నిజమే. కానీ శుభ్రం చేయడానికి డబ్బు ఎక్కడిదన్నది అప్పుడు వెతుక్కుంటే కుదరదు.

గనులకు ఈ చిక్కు కొంత తీర్చారు. మూసివేత ప్రణాళికతో పాటు ఫైనాన్షియల్ అష్యూరెన్స్ (ఆ ఖర్చుకు ఆర్థిక హామీ) కూడా ముందే ఇవ్వాలి. ఖనిజాన్ని యాసిడ్‌తోనో కాస్టిక్‌తోనో శుద్ధి చేసే ప్లాంటుకూ సీఎఫ్ఈ దశలోనే బ్యాంకు గ్యారంటీ తప్పనిసరి చేయాలి. పెట్టుబడులు పక్క రాష్ట్రానికి పోతాయని భయపెడతారు. మూసివేత ఖర్చు భరించలేని ప్రాజెక్టు పోతే పోనీ.

ప్రజాభిప్రాయ సేకరణకు ఈఐఏ సారాంశం తెలుగులో ఇస్తున్నారు, లావుపాటి అసలు నివేదిక ఇంగ్లిష్‌లోనే. బురద చెరువు ఎంత, దాన్ని మూయడానికి ఎన్ని కోట్లు, ఆ సొమ్ము ఏ బ్యాంకులో ఉంది అన్న మూడు సంగతులూ ఆ తెలుగు సారాంశం మొదటి పేజీలోనే ఉండాలి. అవి లేకపోతే కలెక్టర్ ఆ సభ వాయిదా వేయాలి.