జకాత్ జీతంలో రెండున్నర శాతం కాదు

రంజాన్ దగ్గరపడిందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. సారాంశం ఇది: "ముస్లింలు తమ ఆదాయంలో రెండున్నర శాతం మసీదుకు ఇస్తారు, అదే జకాత్. క్రైస్తవులు దశమ భాగం చర్చికి ఇస్తారు, హిందువులు హుండీలో వేస్తారు. ముస్లిం దేశాల్లో దీన్నే ప్రభుత్వం పన్నుగా వసూలు చేస్తుంది. ఇక్కడ రంజాన్‌లో బియ్యం, బట్టలు పంచుతారు. పేర్లు వేరు, పద్ధతి ఒకటే."

అన్ని మతాలూ చెప్పేది ఒకటేనని చూపించడానికి పంపుతుంటారు కాబట్టి దీని మీద కోపం తెచ్చుకోవలసిన పని లేదు. కానీ జకాత్ గురించి ఇందులో పూర్తిగా సరైనది రెండున్నర అనే అంకె ఒక్కటే. పైగా ముస్లింలలోనే చాలామంది దీన్ని పట్టుకుని లెక్క తప్పు కడుతున్నారు.

"ఆదాయంలో రెండున్నర శాతం"

జకాత్ అంటే ఇస్లాంలో తప్పనిసరి దానం. దానికి ఆదాయంతో పని లేదు. ఏడాది గడిచాక చేతిలో మిగిలి ఉన్న సొత్తు మీద పడుతుంది. నెలకు లక్ష సంపాదించి లక్షా ఖర్చు పెట్టేసే ఉద్యోగి మీద జకాత్ సున్నా. రూపాయి ఆదాయం లేని గృహిణి దగ్గర 120 గ్రాముల బంగారం ఉంటే ఆమె ఏటా 3 గ్రాముల విలువ ఇవ్వాలి. ఇవ్వాల్సింది ఆమె, భర్త కాదు. ఆమె అనుమతితో ఆయన చెల్లించవచ్చు, కానీ బంగారం ఆమెదైతే బాధ్యతా ఆమెదే. దశమ భాగం దీనికి తలకిందులు: అక్కడ మిగిలినా మిగలకపోయినా వచ్చినదాంట్లో పదో వంతు.

ముందు నిసాబ్ చూడాలి. అంటే ఎంత సొత్తు ఉంటే జకాత్ మొదలవుతుందన్న కనీస హద్దు. బంగారానికి ఏడున్నర తులాలు, వెండికి యాభై రెండున్నర తులాలు. ఇక్కడే మన ఊళ్ళలో పెద్ద పొరపాటు జరుగుతోంది. ఆ లెక్క పాత తులానిది, 11.664 గ్రాములది. ఇవాళ బంగారం దుకాణంలో తులమంటే 10 గ్రాములు. పాత కొలతలో బంగారం 87.48 గ్రాములు, వెండి 612.36 గ్రాములు అవుతుంది. ఇప్పటి తులంతో గుణించి 75 గ్రాములు అనుకుంటే హద్దు తప్పినట్టే. అరబ్ దేశాల పండితులు ఎక్కువగా 85, 595 గ్రాములు చెబుతారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు అంకె వేరుగా వినబడేది అందుకే.

రెండో చిక్కు, కలిపి ఉన్న సొత్తు. మన దేశంలో ఎక్కువమంది ముస్లింలు అనుసరించే న్యాయ మార్గమైన హనఫీ పద్ధతిలో బంగారం తప్ప మరేమీ లేకపోతే 87.48 గ్రాముల హద్దు చూస్తారు. 40 గ్రాముల బంగారంతో పాటు అవసరాలకు మించి కాస్త నగదు కూడా ఉంటే రెండింటి విలువా కలిపి వెండి నిసాబ్‌తో పోలుస్తారు. ఇవాళ్టి ధరల్లో ఆ 40 గ్రాములే వెండి హద్దును ఎప్పుడో దాటేసి ఉంటాయి. "నా దగ్గర ఏడు తులాలు కూడా లేవు కదా" అని ఊరుకునే ఇళ్ళలో సగం లెక్క ఇక్కడే జారిపోతుంది.

ఉంటున్న ఇల్లు, తిరిగే బండి, ఇంటి సామాను, వృత్తి పనిముట్ల మీద జకాత్ లేదు. అద్దెకిచ్చిన ఇంటి విలువ మీదా లేదు, అద్దెలో మిగిలిన డబ్బు మాత్రం లెక్కలోకి వస్తుంది. అమ్మే ఉద్దేశంతోనే కొన్న ప్లాటుకు ఆ రోజు మార్కెట్ ధర కట్టాలి. ఇల్లు కట్టుకుందామని కొన్నదైతే అక్కర్లేదు. నగకు తరుగు, మజూరీ లెక్కించరు. పొదిగిన రాళ్ళ విలువా తీసేస్తారు. తప్పనిసరిగా కోసే పీఎఫ్ మీద, అది చేతికొచ్చేదాకా లేదని ఉపఖండపు హనఫీ ముఫ్తీల్లో (మత తీర్పులిచ్చే పండితుల్లో) ఎక్కువమంది మాట.

ఒక చిన్న దుకాణదారు లెక్క తీసుకుందాం. బ్యాంకులో 3,00,000, అమ్మకపు ధరలో సరుకు 5,00,000, ఇంకా ఎత్తని చీటీలో కట్టింది 1,20,000, తప్పక వసూలయ్యే బాకీలు 40,000. మొత్తం 9,60,000. హోల్‌సేల్ వ్యాపారికి ఇవ్వాల్సిన 1,60,000 తీసేస్తే 8,00,000. జకాత్ 20,000. ఇందులో ఆయన నెలసరి ఆదాయం ఎంతన్న ప్రశ్నే రాలేదు.

ఏడాది అంటే చాంద్రమానం, 354 రోజులు. మార్చి 31కి లెక్క ముగించే వ్యాపారి ఆ తేడాకు 2.577 శాతం ఇస్తే సరిపోతుంది. మధ్యలో సొత్తు తగ్గినా మొదట్లోనూ చివర్లోనూ నిసాబ్ ఉంటే హనఫీలకు జకాత్ పడుతుంది. మరో న్యాయ మార్గం వాళ్ళైన షాఫయీలు ఏడాది పొడుగునా నిసాబ్ ఉండాలంటారు. ధరించే నగల మీద జకాత్ లేదన్నదే వాళ్ళలో బలమైన అభిప్రాయం. హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ మూలాలున్న హజ్రమీ కుటుంబాలది షాఫయీ మార్గం కాబట్టి, ఒకే నగరంలో ఒకే రకం గొలుసుకు రెండు లెక్కలు ఉండటం తప్పేమీ కాదు.

పంటకు శాతమే వేరు: వర్షాధారమైతే పదో వంతు, నీళ్ళు తోడి పండిస్తే ఇరవయ్యో వంతు, కోత రోజునే. మందకు శాతం కూడా ఉండదు. మేతకు తిరిగే గొర్రెలు 40 ఉంటే ఒకటి, 121కి రెండు.

"ముస్లిం దేశాల్లో పన్ను"

కొన్నిచోట్ల ప్రభుత్వం వసూలు చేస్తుంది, నిజమే. పాకిస్తాన్‌లో 1980 ఆర్డినెన్స్ తర్వాత రంజాన్ మొదటి రోజున పొదుపు ఖాతాల నుంచి 2.5 శాతం కోస్తున్నారు. తమ మత న్యాయమైన ఫిఖ్‌లో అలా లేదని షియాలు ఆ ఏడాదే ఇస్లామాబాద్‌లో పెద్ద ఎత్తున నిరసన తెలిపితే, ఆ మేరకు డిక్లరేషన్ ఇచ్చినవాళ్ళకు మినహాయింపు వచ్చింది. మిగతావాళ్ళలో చాలామంది రంజాన్‌కు ముందే డబ్బు తీసేసుకోవడం నేర్చుకున్నారు. సౌదీ అరేబియాలో స్వదేశీ యజమానుల కంపెనీల మీద జకాత్, విదేశీ వాటా మీద ఆదాయపు పన్ను, రెండూ వేర్వేరు లెక్కలు. మలేసియాలో వ్యక్తి కట్టిన జకాత్ ఆదాయపు పన్నులోంచి తగ్గుతుంది. రెండూ ఒకటే అయితే ఒకదాంట్లోంచి ఇంకొకటి తగ్గించే పనే ఉండదు. ఇక మన దేశంలో జకాత్ వసూలు చేసే ప్రభుత్వ యంత్రాంగమేదీ లేదు. పేద చెల్లెలి చేతిలో పెట్టిన జకాత్‌కు ఆదాయపు పన్ను శాఖ పైసా మినహాయించదు.

అన్నిటికన్నా పెద్ద తేడా ఖర్చు దగ్గర. పన్ను డబ్బుతో రోడ్డు వేయవచ్చు, జీతాలు ఇవ్వవచ్చు. జకాత్‌తో వేయకూడదు. ఖురాన్ 9వ అధ్యాయం 60వ వాక్యం ఎనిమిది పద్దులు చెప్పి ఆపేసింది: నిరుపేదలు, అక్కరలో ఉన్నవాళ్ళు, జకాత్ వసూలు సిబ్బంది, ఇస్లాం వైపు మనసులు కలుపుకోవలసినవాళ్ళు, బానిసల విముక్తి, అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళు, అల్లాహ్ మార్గం, దారిలో చిక్కుకున్న బాటసారి. తొమ్మిదో పద్దు పెట్టే అధికారం ప్రభుత్వానికి లేదు.

"రంజాన్‌లో పంచే బియ్యం"

అది చాలావరకు ఫిత్రా (పండుగ దానం) లేదా మామూలు సదఖా (ఇష్టపూర్వక దానం). ఫిత్రా సొత్తు మీద శాతం కాదు, మనిషికింత: హనఫీ లెక్కలో గోధుమలైతే సుమారు 1.6 నుంచి 1.75 కిలోలు లేదా ఆ ధర, పండుగ నమాజుకు ముందే ఇవ్వాలి. జకాత్‌కు రంజాన్‌తో ముడి లేదు. మీ సొత్తుకు ఏడాది రంజాన్‌కు ముందు నెల షాబాన్‌లో నిండితే అప్పుడే బాకీ పడింది. రంజాన్‌లో పుణ్యం ఎక్కువని ఆపితే ఆలస్యం చేసినట్టే, ముందే విడతలుగా ఇవ్వడం మాత్రం చెల్లుతుంది. బ్యాంకు వడ్డీని జకాత్ కింద ఇచ్చేస్తే చెల్లదు. అది పుణ్యం ఆశించకుండా వదిలించుకోవలసిన డబ్బు.

"మసీదుకు పోతుంది"

మెసేజ్‌లో అన్నిటికన్నా తప్పు మాట ఇదే. హుండీ డబ్బు గుడి ఖర్చులకు పోతుంది, దశమ భాగంతో సంఘ కాపరి పోషణ, చర్చి నిర్వహణ నడుస్తాయి. జకాత్‌తో మసీదు గోడ కట్టకూడదు, కరెంటు బిల్లు కట్టకూడదు, ఇమాంకు జీతం ఇవ్వకూడదు. మసీదు నడిచేది మామూలు చందాలతో, వక్ఫ్ ముల్గీల అద్దెలతో. కారణం, హనఫీ న్యాయంలో జకాత్ చెల్లాలంటే అర్హుడైన మనిషిని ఆ సొమ్ముకు యజమానిని చేయాలి. గోడ యజమాని కాలేదు. బావి తవ్విస్తే చెల్లకపోవడానికీ, చనిపోయినవాడికి చుట్టే గుడ్డ, కఫన్‌కు ఖర్చు పెడితే చెల్లకపోవడానికీ అదే కారణం. పేదలను కూర్చోబెట్టి జకాత్ డబ్బుతో భోజనం వడ్డిస్తే చెల్లదు, అదే భోజనం పొట్లం కట్టి చేతికిస్తే చెల్లుతుంది. అన్నదానం అలవాటున్న మన ప్రాంతంలో ఈ తేడా వింతగా తోస్తుంది గానీ, వడ్డించినప్పుడు తినడానికి అనుమతి మాత్రమే ఉంది, పొట్లాన్ని అతను అమ్ముకోవచ్చు కూడా.

తల్లిదండ్రులకు, తాతలకు, పిల్లలకు, మనవలకు, భార్యకు ఇవ్వకూడదు. వాళ్ళను పోషించడం ఎలాగూ బాధ్యత. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనత్త పేదవాళ్ళైతే ఇవ్వవచ్చు, వాళ్ళకే ముందు ఇవ్వాలి. ప్రవక్త వంశీకులైన సయ్యదులకు చెల్లదు. ముస్లిమేతర పేదలకు జకాత్ ఇవ్వకూడదన్నదే ఎక్కువమంది పండితుల మాట, దాన్ని దాచాల్సిన పని లేదు. సదఖా మాత్రం ఎవరికైనా ఇవ్వవచ్చు, ఫిత్రాను కూడా ఇమాం అబూ హనీఫా అనుమతించారు.

మదరసాల విషయంలో జాగ్రత్త అవసరం. పేద విద్యార్థుల తిండికి, బట్టలకు జకాత్ తీసుకుంటారు. దానికి విద్యార్థుల చేత తమ తరఫున తీసుకునే అధికారమిచ్చే వకాలత్ సంతకం ముందే పెట్టించుకుంటాయి చాలా సంస్థలు. ఉపాధ్యాయుల జీతాలకు, భవనానికి అది వాడకూడదు. వసూలుకు వచ్చినవాళ్ళ రసీదు పుస్తకంలో జకాత్, ఫిత్రా, సదఖా, అతియా (మామూలు విరాళం) అని వేర్వేరు గడులు ఉంటాయి. జకాత్ ఇచ్చి అతియా గడిలో రాయించుకుంటే ఆ డబ్బు సిమెంటుకు వెళ్ళినా అడగడానికి లేదు.