నాలుగే నాలుగు బోల్టులు

బండి కొన్న కొత్తలో దాని మీద కూర్చుంటే దూకబోయే చిరుతపులిలా ఉన్నాననుకునేవాణ్ణి. హ్యాండిల్ కిందికీ ముందుకీ ఉండేది. దాన్ని అందుకోవాలంటే ట్యాంకు మీదికి వంగాల్సిందే. వయసు పైబడ్డాక వంపు అలాగే ఉంది గానీ, చిరుతపులి పోయి కింద పడ్డ కళ్లజోడు వెతుక్కునే మనిషి మిగిలాడు. అరగంట నడిపితే చాలు, ఒంటి బరువంతా అరచేతుల మీద పడి చిటికెన వేళ్లూ ఉంగరపు వేళ్లూ మొద్దుబారేవి. ఆ రెంటికీ పోయే నరం అరచేతి అంచున నలుగుతుందట. బండి దిగి ఎవరికైనా నమస్కారం పెడితే ఆరు వేళ్లతోనే పెట్టేవాణ్ణి.

అందుకని 4 అంగుళాలు ఎత్తుగా, 2 అంగుళాలు వెనక్కి ఉండే కొత్త హ్యాండిల్ తెప్పించాను. వీడియోలో ఒక కుర్రాడు నవ్వుతూ మార్చేశాడు. "నాలుగే నాలుగు బోల్టులు" అన్నాడు. అబద్ధం కాదు. హ్యాండిల్‌ని బండికి బిగించి ఉంచేవి నిజంగా నాలుగే. కాకపోతే ఆ హ్యాండిల్‌ని పట్టుకుని వేలాడే బంధుగణం ఊసు అతను ఎత్తలేదు. క్లచ్చు లివరు, బ్రేకు లివరు, బ్రేకు ఆయిల్ డబ్బా, రెండు స్విచ్చు పెట్టెలు, అద్దాలు, వాటన్నిటి వైర్లు.

"ఎంతసేపు పడుతుందండీ?" అంది మా ఆవిడ, బయటికెళ్లడానికి తయారై.

"పది నిమిషాలు."

"అయితే నేను నడిచి వెళ్తాను" అని చెప్పులేసుకుంది.

ముందు గ్రిప్పులు ఊడదీయాలి. గ్రిప్పు కింద స్క్రూడ్రైవరు దూర్చి సబ్బు నీళ్లు పోస్తే జారి వస్తుందన్నారు. పోశాను. జారింది, నా చెయ్యి. రెండో ప్రయత్నంలో గ్రిప్పు చిరిగింది, మూడోసారికి ముక్కలుగా వచ్చింది. ఏం పర్వాలేదు, కొత్త జత ఉందిగా! ఎడమ దాన్ని తొడిగితే సునాయాసంగా దూరింది. కుడిది ఎంత తోసినా దూరదు. నలభై నిమిషాలు కుస్తీ పట్టాక తెలిసిన సత్యమేమిటంటే, కుడివైపు గ్రిప్పు యాక్సిలరేటర్ గొట్టం మీద కూర్చుంటుంది కాబట్టి దాని రంధ్రం పెద్దది. నేను కుడిది ఎడమకు, ఎడమది కుడికి ఎక్కిస్తున్నాను. అప్పటికి ఎడమ గ్రిప్పు గుండ్రంగా తిరుగుతోంది. రెండు చేతులా యాక్సిలరేటర్ ఉన్న బండి లోకంలో నాదొక్కటే అయ్యుండాలి.

తర్వాత స్విచ్చు పెట్టె. దాని లోపల చిన్న మొల ఒకటి ఉంటుంది. పెట్టె తిరక్కుండా అది హ్యాండిల్‌కున్న బెజ్జంలో కూర్చోవాలి. పాత హ్యాండిల్‌కి బెజ్జం ఉంది. కొత్తదానికి లేదు. సరే, డ్రిల్లు పట్టాను. కొలిచి వేసిన మొదటి బెజ్జంతో హారన్ బటన్ ఆకాశం వైపు చూసింది. రెండోదానితో ఇండికేటర్ నా పొట్ట వైపు తిరిగింది. మూడోది కుదిరింది. అప్పటికి కొత్త హ్యాండిల్ పిల్లనగ్రోవి అయ్యింది. (గొట్టానికి ఇలా తూట్లు పొడిస్తే బలం తగ్గుతుందని తర్వాత తిట్లు తిన్నాను. అందుకే ఇంకోటి కొనాల్సొచ్చింది. ఆ ఖర్చు ఇంట్లో ఇంకా చెప్పలేదు.)

సాయంత్రానికి అన్నీ ఎక్కాయి. వైర్లు మాత్రం వీణ తీగల్లా బిగుసుకుని ఉన్నాయి. హ్యాండిల్ 4 అంగుళాలు పైకి లేస్తే వైరు కూడా అంత సాగాలి కదా అన్న ఆలోచన, ఎందుకో, బోల్టులు బిగించాకే వచ్చింది. అయినా నిటారుగా కూర్చుంటే ఎంత హాయి! సింహాసనం ఎక్కినట్టుంది. ఇంటి ముందే ఒక చుట్టు తిరిగొద్దామని స్టార్టు చేశాను.

హ్యాండిల్ ఎడమ కొసకు తిప్పగానే యాక్సిలరేటర్ వైరు దానంతటదే లాక్కుని ఇంజను గయ్యిమంది. హడలిపోయి కుడికి తిప్పాను. ఈసారి క్లచ్చు వైరు లాక్కుంది. ఇంజను అరుస్తోంది, బండి కదలదు. ఎడమకి తిప్పితే తొందర, కుడికి తిప్పితే బద్ధకం. తిన్నగా వెళ్లినంతసేపూ బుద్ధిమంతురాలే. ఆ లెక్కన మలుపులు లేని దారి ఉంటే దీన్ని మించిన బండి లేదు. ముందు బ్రేకు గొట్టం ఏ క్షణాన ఊడుతుందోనన్న భయంతో ఇంజను ఆపి, దిగి, నెట్టుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను.

అతను హ్యాండిల్ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. "మీరే చేశారా సార్?"

"నాలుగే బోల్టులు కదా అని..."

"అవును సార్, అందరూ ఆ నాలుగే విప్పి నా దగ్గరికొస్తారు" అన్నాడు. పొడుగు క్లచ్చు వైరు, పొడుగు యాక్సిలరేటర్ వైరు, పొడుగు బ్రేకు గొట్టం వేశాడు. గొట్టం మార్చేటప్పుడు ట్యాంకు మీద గుడ్డ కప్పాడు, బ్రేకు ఆయిల్ పడితే రంగు లేచిపోతుందని. నాకా సంగతి అంతకు గంట ముందే తెలుసు. మా ట్యాంకు మీద రూపాయి బిళ్లంత మచ్చ సాక్షి.

ఇప్పుడు చేతులు సుఖంగా ఉన్నాయి, పది వేళ్లతో నమస్కారం పెడుతున్నాను. కాకపోతే, ఇదివరకు చేతులు మోసిన బరువంతా ఇప్పుడు తుంటి ఎముక మీదికి దిగింది. గంట నడిపితే నిలబడే భోంచేయాల్సి వస్తోంది. మెకానిక్‌కి చెప్పాను.

"సీటు మార్చండి సార్. మెత్తటిది దొరుకుతుంది."

"దానికెన్ని బోల్టులు?"

"రెండే సార్."

ఇంటికొచ్చి చూస్తే పానాల డబ్బా కనిపించలేదు. మా ఆవిడని అడిగితే, సబ్బు కూడా అయిపోయిందంది.